నూరో సంతకం

ఇంకొక్క సంతకం. సాయంత్రం ఆరు లోపల అది పడితే సైతానుకు విముక్తి. పడకపోతే మళ్ళీ మూడు వందల ఏళ్ళు నరకంలో నూనె మూకుళ్ళు తోముతూ పడి ఉండాలి.

వాడి మెడకు తగిలించిన ఒప్పందం అలాంటిది. ఆత్మను రాసిచ్చినట్టు నూరుగురు మనుషుల దగ్గర సంతకాలు తేవాలి. బలవంతం చేయకూడదు. ఒప్పందం గురించి అబద్ధం ఆడకూడదు. కాగితం ముందు పెట్టి, అదేమిటో చెప్పి, చదువుకోనివ్వాలి.

మొదటి ఎనభై ఒక్క సంతకాలకే తలప్రాణం తోకకొచ్చింది. రాజుల వెంట తిరిగాడు. షావుకార్ల గుమ్మాల్లో పడిగాపులు కాశాడు. వాళ్ళు ప్రతి అక్షరం చదివి, రాజ్యాలు అడిగి, బేరాలాడి, సగం మంది చివర్లో జారుకున్నారు.

తర్వాతి పద్దెనిమిది మాత్రం ఒక్క ఏడాదిలో వచ్చేశాయి. టైలరు షాపు మీదున్న ఈ అద్దె గదిలో, కాలు మీద కాలేసుకుని సంపాదించాడు.

ఈ గదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఆట నడుస్తుంది. ఎదిగినవాళ్ళే, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే బల్ల చుట్టూ చేరతారు. ఒకడు యోధుడు, ఒకతె మంత్రగత్తె, ఒకడు మరుగుజ్జు. పాచికలు వేసి, లేని గుహల్లో దూరి, లేని రాక్షసుల్ని చంపుతారు. కథ నడిపేవాణ్ణి మాస్టారు అంటారు. ఏడాదిగా ఆ మాస్టారు మన సైతానే.

ఛీ, ఏం మనుషులు! వెనకటి రాజు కనీసం నిజం రాజ్యం అడిగాడు. ఈ పిచ్చి మాలోకాలకు నిజం కత్తి కూడా అక్కర్లేదు. కత్తి ఉన్నట్టు కాగితం మీద రాసుకోనిస్తే చాలు, ఆత్మ ఇచ్చేస్తారు. పోయిన వారం ఒక బ్యాంకు మేనేజరు మాయా టోపీ కోసం రాసిచ్చాడు. లేని టోపీ కోసం!

ఇక మిగిలింది పళ్ళ డాక్టరమ్మ. పక్కనే ఆవిడ తమ్ముడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాడు ఒక గొడ్డలికి ఆశపడి నెల కిందటే సంతకం పెట్టేశాడు.

“మీ మంత్రగత్తెకు డ్రాగన్ కావాలన్నారుగా,” అంటూ సైతాను కాగితాలు ముందుకు తోశాడు. “ఇది నరకం ఒప్పందం. నిజమైనదే. సంతకం పెట్టినవాళ్ళ ఆత్మ నాదవుతుంది. చదువుకోండి.”

“అబ్బబ్బా, మాస్టారి నటన చూడక్కా! ఒళ్ళు జలదరిస్తోంది,” అన్నాడు తమ్ముడు చిప్స్ నములుతూ.

“నటన కాదండీ.” నిజం చెప్పడం నియమం మరి.

తమ్ముడు బల్ల చరిచి మరీ నవ్వాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. ఒక పేజీ అయింది. రెండో పేజీ అయింది. గోడ గడియారం నాలుగున్నర దాటింది. నరకంలో ఏనాడూ చెమట పట్టని సైతానుకు ఇక్కడ పట్టింది.

“మాస్టారూ, పదకొండో షరతులో ‘శాశ్వతంగా’ అని ఉంది. అంటే ఎన్నాళ్ళు?”

“శాశ్వతంగా అంటే శాశ్వతంగానే డాక్టరుగారూ.”

“మధ్యలో మానుకునే వీల్లేదా?”

“లేదండీ.”

“పెట్టెయ్యవే అక్కా! గుహలో మమ్మల్ని రాక్షసులు చావగొడుతుంటే నీకిప్పుడు షరతులు కావాల్సొచ్చాయా?”

“నువ్వూరుకోరా. నా దగ్గర పన్ను పీకించుకునేవాళ్ళూ ఇంతే. చదవకుండా సంతకం పెట్టేసి, తర్వాత నా ప్రాణం తీస్తారు.”

ఆవిడ మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళింది. పెన్ను తీసింది. ఏదో గుర్తొచ్చినట్టు మూత పెట్టేసింది. ఐదయింది. ఐదుంపావయింది. మూకుళ్ళ మాడు కంపు అప్పుడే ముక్కుకు తగులుతున్నట్టుంది సైతానుకు.

“డ్రాగన్ నిప్పు ఊదుతుందా?”

“ఊదుతుంది.”

“రోజుకు ఎన్నిసార్లు?”

“మీ ఇష్టమొచ్చినన్నిసార్లు!” సైతాను గొంతు కీచుమంది.

“అయితే సరే.” ఆవిడ సరసరా సంతకం పెట్టేసింది.

ఇంత చదివి, ఇంత ఆలోచించి, చివరికి లేని డ్రాగన్ కోసం! చదవనివాళ్ళే నయం, వాళ్ళకు తెలియదని సరిపెట్టుకోవచ్చు. సైతాను ఆ కాగితాలు లాక్కుని, ఎప్పటిలాగే చూడనైనా చూడకుండా మడిచి ముద్ర కొట్టేశాడు. ఈ వెధవల కోడిగీతలు చదవాల్సిన ఖర్మ తనకేం పట్టింది!

“అదేంటి మాస్టారూ, ఆట మధ్యలో ఎక్కడికి?” తమ్ముడు లేచి నిలబడ్డాడు.

“మీ చావు మీరు చావండి,” అంటూ సైతాను మూడేసి మెట్ల చొప్పున దిగిపోయాడు.

నరకం కచేరీలో పెద్దాయన బల్ల ముందు వాలేసరికి ఇంకా ఐదు నిమిషాలుంది. పెద్దాయనంటే సంతకాలు సరిచూసే ముసలి సైతాను. పాతవి ఎనభై ఒకటీ ఎప్పుడో చూసి ఖరారు చేసేశాడు. ఇప్పుడు మిగతా పందొమ్మిది కాగితాల కట్టా ముందుకు లాక్కుని ముద్రలు విప్పాడు.

“త్వరగా కానివ్వండి పెద్దాయనా,” అన్నాడు సైతాను, కుర్చీలో వెనక్కి వాలి. “మనుషులంత మట్టిబుర్రలు ఎక్కడా లేరండీ. అనవసరంగా ఇన్నేళ్ళూ రాజుల కాళ్ళు పట్టుకున్నాను.”

పెద్దాయన మొదటి కాగితం చూశాడు. రెండోది చూశాడు. మిగతావన్నీ గబగబా తిరగేశాడు. గడ్డం గోక్కుంటూ సైతాను వైపు ఎగాదిగా చూశాడు.

“‘ఏడు పడగల మంత్రగత్తె’, ‘ఉక్కుగడ్డం మరుగుజ్జు’, ‘తోడేలుగుట్ట యోధుడు’... ఒరేయ్, ఈ పందొమ్మిది సంతకాల్లో ఒక్క మనిషి పేరైనా ఉందా?”