ఒకే చేతి ఇంజన్

"ఈ ఇంజన్ వాడినాయన దేవుడండీ! కన్నబిడ్డలా చూసుకున్నాడు," అన్నాడు పాత సామాన్ల షాపువాడు.

తమ కారుకి పాత ఇంజన్ కొందామని భార్యతో వచ్చిన భర్త అన్నీ తెలిసినవాడిలా తలూపుతూ ఇంజన్ని ఠంగుఠంగుమని కొట్టి చూశాడు. భార్య మాత్రం ఆయిల్ మూత పక్కన పేరుకున్న జిడ్డుని గుడ్డతో తుడుస్తోంది.

జిడ్డు కింద ఎర్రటి గోళ్లరంగు అక్షరాలు బయటపడ్డాయి: "నీళ్లు ఇందులో కాదు మహానుభావా!"

భర్త వంగి చదివాడు. అది సాక్షాత్తూ తన భార్య దస్తూరీ. కిందటేడు తెగనమ్మిన తమ పాత కారు ఇంజనే ఇది! రేడియేటర్లో పోయాల్సిన నీళ్లు ఆయిల్లో పోసిన మహానుభావుడు తనే.

"అసలు ఆయన చెయ్యి పడితే చాలండీ, ఇనుము కూడా మాట వింటుంది!" షాపువాడు వదలడం లేదు.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగక భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"పోదాం పదవే," గొణిగాడు భర్త. "అలాంటివాడి చేతిలో పడ్డ ఇంజన్ ఏం బాగుంటుంది?"

"ఎందుకు బాగుండదూ?" కళ్లు తుడుచుకుంటూ అందామె. "ఇన్నేళ్లుగా అదే చేతిలో పడి ఉన్నాను, నేను బాగాలేనూ?"