వీరాంజనేయులు కుడిచెవి

తెల్లవారి మొదటి బస్సుకే వీరాంజనేయులు గుంటూరు బయలుదేరాడు. తలకీ చెవులకీ కలిపి తువ్వాలు చుట్టుకున్నాడు. చూసినవాళ్లు మంచుకనుకుంటారు.

"ఎవరన్నా అడిగితే మిర్చి యార్డుకని చెప్పండి," అంది రాజ్యం గుమ్మంలో నిలబడి.

భార్య చెప్పక్కర్లేదు. ఆ మాట ఆయన రాత్రే అనుకున్నాడు. ఊళ్లో వైద్యుడు ఉండగా చెవి చూపించుకోవడానికి గుంటూరు పోయాడని తెలిస్తే నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. ప్రత్తిపాడు అవతల చిన్న ఊరు అది. అక్కడ ఎవరు తుమ్మినా చర్చి మైకులో చెప్పినట్టే.

బస్సులో కనపడ్డ ఇద్దరికీ యార్డు మాటే చెప్పాడు. ఆయనకున్న ఎకరంలో మిరప ఇంకా పూత మీదే ఉందని వాళ్లకి తెలుసు. అయినా తేజ రకం ధర కనుక్కురమ్మన్నారు.

చెవి బాధ మొదలై నెల దాటింది. చేలో వానకి తడిసి జలుబు చేసింది. ముక్కు దిబ్బడ తగ్గకముందే కుడిచెవిలో పోటు పట్టుకుంది. వెల్లుల్లి వేసి కాచిన నూనె పడింది. తగ్గలేదు. నురగొచ్చే మందు పడింది. తగ్గలేదు. ఇంజెక్షన్లు కూడా అయ్యాయి. ఒక రోజు చెవిలోంచి చీము కారి, పోటు చటుక్కున ఆగిపోయింది. నయమైపోయిందని రాజ్యం కొబ్బరికాయ కొట్టింది.

ఆ తర్వాత దురద మొదలైంది. దానికి మళ్లీ నూనె పడింది. వాసన మొదలైంది. చివరికి ఆ చెవి వినపడ్డమే మానేసింది. కుడివైపు నుంచి ఎవరేం చెప్పినా "ఊఁ" అనడం అలవాటైంది. అలాగని ఎన్నాళ్లు నెట్టుకొస్తాడు? పూర్తిగా చెవుడు వస్తే తన బతుకేం కావాలని భయం పట్టుకుంది.

గుంటూరులో చెవి, ముక్కు, గొంతు డాక్టరు పేరు శ్రీదివ్య. చిన్న వయసు. చెవిలోకి సన్నటి కెమెరా గొట్టం పెట్టి, ఎదురుగా తెర మీద చూపించింది. లోపల తడిసిన కాగితం ముద్దలా ఏదో ఉంది. దాని మీద నల్లటి చుక్కలు. అది బూజు అని చెప్పింది. నూనె జిడ్డూ తడీ కలిస్తే చెవిలోనూ బూజు పడుతుందట.

దాన్ని యంత్రంతో పీల్చేశాక కర్ణభేరి కనపడింది. మధ్యలో కన్నం.

జలుబు ముక్కు వెనక నుంచి చెవి లోపలికి పాకిందనీ, అక్కడ చీము పట్టి ఒత్తిడికి కర్ణభేరి చిరిగిందనీ, పోటు ఆగింది అందుకేననీ ఆమె వివరించింది. ఆ తర్వాత పైన పోసిందల్లా ఆ కన్నంలోంచి లోపలికే దిగిందట.

వీరాంజనేయులు రెప్ప వెయ్యకుండా తెర వంకే చూశాడు. చెవి లోపల అలా ఉంటుందని ఆయనకి తెలియదు.

"నూనె పోసిందెవరు?" అడిగింది శ్రీదివ్య.

"మా ఊళ్లో ఒకాయన ఉన్నాడండి."

"డాక్టరా?"

"అందరూ అట్టాగే పిలుస్తారండి."

"ఏం చదివాడు?"

"ఇంటరండి. చిలకలూరిపేటలో ఒక డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా చేశాడు."

"పోసే ముందు చెవిలోకి లైటు వేసి చూశాడా?"

"లేదండి. ఈ చెవి చూడ్డం ఆయన వల్ల కాదండి."

"ఏం, కళ్లు కనపడవా?"



ఆమెకి కోపం ఆగలేదు. పల్లెల నుంచి ఇలాంటి చెవులు వారం వారం వస్తున్నాయనీ, అందులో పిల్లలే ఎక్కువనీ, కొందరికి వినికిడి తిరిగి రాదనీ చెప్పింది. చెబుతూనే మందులు రాసింది. చెవిలోకి చుక్క నీరు పోకూడదంది. పుల్లలూ పిన్నులూ పెట్టకూడదంది. కన్నం దానంతటదే పూడొచ్చు, పూడకపోతే ఆపరేషన్ చెయ్యాలంది.

"ఆయనకి మీరన్నా చెప్పండి. చెవిపోటని ఎవరొచ్చినా ఏమీ పొయ్యకుండా ఇక్కడికి పంపించమనండి. చెప్తారా?"

"చెప్తానండి. వింటాడో లేదో."

"మీరు మాత్రం మళ్లీ ఆయన చేతిలో చెవి పెట్టకండి."

"పెట్టనండి," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

తిరుగు బస్సులో కుడివైపు నుంచి కండక్టరు కేక వినపడింది. చాలా రోజుల తర్వాత ఆ చెవిలో పడ్డ మొదటి మాట. ఆయనకి కళ్లు చెమర్చాయి. మనసులోనే ఆ డాక్టరమ్మకి దణ్ణం పెట్టుకున్నాడు. ఇంటికి పోగానే తేల్చి చెప్పెయ్యాలనుకున్నాడు.

ప్రత్తిపాడు దాటేసరికి, రేపు చెబుదాంలే అనిపించింది. ఏళ్ల తరబడి ఊరిని కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఎండనక వాననక పిలిస్తే పలికిన మనిషి. ఒక్క చెవి కోసం అలాంటివాణ్ణి మొహం మీద ఎట్లా అంటాం? పైగా ఆయనకీ ఇల్లు గడవాలిగా.

ఊరి మొదట్లో బస్సు దిగి, చెవిలో దూది తీసి జేబులో వేసుకున్నాడు. మందుల సంచి చొక్కా లోపలికి దోపుకున్నాడు. తువ్వాలు విప్పి దులిపి భుజాన వేసుకుని, ఏమీ జరగనట్టు నడిచాడు.

వీరాంజనేయులు ఇంటి వసారాలో కూతురి చెవికి అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చున్న రెబ్కా, ఆయన్ని చూడగానే లేచి నిలబడి, "పొద్దుటినుంచీ మీ కోసమే చూస్తన్నామండీ డాక్టరు గారూ, మా ఫెబాకి చెవిపోటు," అంది.