చౌక్‌లో కారు, కారు చుట్టూ పెయ్య

పెయ్య కొమ్ము కారు తలుపుకు తగిలిన చప్పుడు చౌక్ అంతా వినిపించింది. దుంగల దడి ఎక్కి కూర్చున్న జనం ఈలలు వేశారు. దడి ఇవతల నిలబడ్డ ఒనోరియో మాత్రం రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"అయిపోయాం బెగోన్యా. మీ తమ్ముడు నన్ను బతకనివ్వడు" అన్నాడు భార్యతో.

కారు బావమరిది ఫుల్హెన్సియోది. బూడిద రంగు. కొత్త వాసన ఇంకా పోలేదు. ఎవరూ పెద్దగా వెళ్లని పాత ఊళ్లు శని, ఆదివారాల్లో చూసొస్తామని బతిమాలి తెచ్చుకున్నారు. నిన్న పొద్దుటి నుంచి సిగుయెన్సా, అతియెన్సా అంటూ కోటలూ కమానులూ చూసుకుంటూ తిరిగి, చీకటి పడ్డాక ఈ పెన్యక్లారాకు చేరారు. ఏ ఊళ్లో ఆగినా కారు చౌక్‌లోనే పెట్టడం ఒనోరియోకి అలవాటు. పొద్దున సత్రంలో కాఫీ తాగి, సంచులు మోసుకుని వచ్చి చూస్తే చౌక్‌లోకి వచ్చే సందులన్నీ దుంగలతో మూసేసి ఉన్నాయి. పెయ్యను వదిలి ఆడించే ఊరి పండుగట. లోపల కారు ఒక్కటే నిలబడి ఉంది. దాని చుట్టూ వాడి కొమ్ముల నల్ల పెయ్య తిరుగుతోంది.

ఒనోరియో వెళ్లి మేయరమ్మ కాళ్లావేళ్లా పడ్డాడు. ఆవిడ పేరు ఆరాసెలి. మెడలో ఎర్ర రుమాలు కట్టుకుని దడి మీద దర్జాగా కూర్చుని ఉంది. పండుగ సంగతి ప్రతి స్తంభానికీ అంటించామనీ, ఊళ్లోవాళ్లంతా నిన్నే బళ్లు తీసేశారనీ, ఇలాంటి ఘనకార్యాలు పట్నంవాళ్లకే చెల్లుతాయనీ చెప్పింది.

"పోనీ ఆ పెయ్యనైనా బయటికి పంపించండి" అన్నాడు ఒనోరియో.

"లోపలికి రావడం వరకే మా చేతిలో పని. వెళ్లడం దాని ఇష్టం" అంది ఆరాసెలి.

ఊరి కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు దిగి, చప్పట్లు కొట్టి, టోపీలు ఊపి పిలిచారు. పెయ్య వాళ్లవైపు చూడనైనా లేదు. మెరిసే తలుపులో దానికి ఇంకో పెయ్య కనిపిస్తోంది. ఆ రెండోది ఎదురు తిరిగి చూసినప్పుడల్లా దీనికి ఒళ్లు మండుతోంది. మళ్లీ ఒక్క పోటు పొడిచింది. తలుపు మీద సొట్ట పడింది.

"తమ్ముడికి నేను సర్దిచెబుతాలే. రా, నీడకి పోయి కూర్చుందాం" అని బెగోన్యా భర్త చెయ్యి పట్టుకుంది.

సర్దిచెబుతానన్న ఆ మాటే ఒనోరియోకి గుచ్చుకుంది. తాళంచెవి ఇచ్చేటప్పుడు ఫుల్హెన్సియో దాన్ని అక్క చేతికిచ్చాడు. కుర్చీలో పడుకున్న పిల్లిని లేపలేక నిలబడి అన్నం తినే మనిషికి కారెలా ఇస్తానని అందరి ముందూ నవ్వాడు. బెగోన్యా కూడా నవ్వింది. తర్వాత జాలిపడి తాళంచెవి తెచ్చి భర్త జేబులో వేసిందనుకోండి.

"నేను లోపలికి వెళ్తున్నాను" అన్నాడు.

"నువ్వా?"

ఆమె వెక్కిరించలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. అదింకా బాధపెట్టింది. ఒనోరియో ఆమె భుజం మీది శాలువా లాక్కుని దుంగల మధ్యనుంచి దూరి లోపల పడ్డాడు.

జనం గోల సద్దుమణిగింది. ఒనోరియో కారు దాకా నడిచి శాలువా విదిలించాడు. పెయ్య తలతిప్పి చూసింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తను ఆలోచించుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పరుగెత్తాడు. కారు చుట్టూ అతను, అతని వెనక పెయ్య. జనం నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు. ఊపిరి అందక ఒనోరియో బానెట్ మీద వాలిపోయేసరికి పెయ్య కూడా ఎదురుగా ఆగి రొప్పింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"తల్లీ, నీకూ ఓపిక లేదు, నాకూ లేదు. వచ్చెయ్" అంటూ అతను శాలువా దాని ముఖం మీద కప్పి, కొసలు పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. ఏమీ కనపడని పెయ్య ఆ గొంతు వెంట బుద్ధిగా నడిచింది. చౌక్ మూల దాన్ని వదిలిన దొడ్డి తలుపు దాకా తీసుకెళ్లి లోపలికి వదిలి, గడియ వేసి, ఆ తలుపుకే ఆనుకుని కూలబడ్డాడు.

బ్యాండు మోగింది. కుర్రాళ్లు అతన్ని భుజాల మీదికెత్తుకుని చౌక్ చుట్టూ తిప్పారు. ఆరాసెలి తన రుమాలు విప్పి అతని మెడకు కట్టింది. బెగోన్యా దుంగల మీదనుంచే దూకి వచ్చి, అంతమంది ముందూ అతన్ని ముద్దు పెట్టుకుంది.

"ఫుల్హెన్సియోకి సొట్ట సంగతి తర్వాత చెబుదాం. ముందు మా ఆయన సంగతి చెప్తాను" అంది నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ.

ఒనోరియో ఛాతీ విరుచుకుని కారు దగ్గరికి నడిచాడు. తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెట్టాడో లేదో, జనాన్ని తోసుకుంటూ ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. ఊరి రొట్టెల కొట్టు బ్రౌలియో. మోచేతుల దాకా పిండి, కళ్ల నిండా నిద్ర. వస్తూనే ఒనోరియోని గట్టిగా కావలించుకున్నాడు.

"అయ్యా, నిన్న చీకటిపడ్డాక మీ కారు మా గుమ్మానికి అడ్డంగా పెట్టి పోయారని తిట్టుకుంటూ, పండుగ మాటే మరిచి, ఇంకా ఎవరికీ చూపించని నా కొత్త కారు, అచ్చం మీదాని లాంటిదే, తెచ్చి ఇక్కడ పెట్టుకున్నాను. మీ కారు అక్కడ నీడలో చల్లగా ఉన్నా, ముక్కూ మొహం తెలియని నా కారు కోసం పెయ్యకి ఎదురెళ్లారు, మీది ఎంత పెద్ద మనసయ్యా."