కాళ్ల కాపలా

ఆదివారం వస్తోందంటే ఆ పిల్లతల్లికి శుక్రవారం నుంచే దిగులు పట్టుకుంటుంది.

భర్త బస్సు డ్రైవరు. ఆరు రోజులు సీట్లోంచి లేవడు. ఏడో రోజు డిపో వెనక మైదానంలో వాలీబాల్‌. మంచం దిగినవాడు దిగినట్టే వెళ్లి కోర్టులో దూకుతాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఎగురుతూనే ఉంటాడు.

ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర. ఇంకా పర్మినెంటు కాలేదు. కాలికేమైనా అయితే మర్నాడే ఇంటికి పంపేస్తారు.

అందుకే తొమ్మిది నెలల పిల్లను చంకనేసుకుని తనూ వెళుతుంది. వెళ్లి చేసేదేమీ లేదు. ఇంట్లో కాలు నిలవదు, అంతే.

మైదానం గోడ వారన ఇంకొకావిడ కూర్చుంటుంది. నలభై దాటి ఉంటాయి. పక్కన మూత బిగించిన ఐసు డబ్బా. ఐసు అమ్మదు, ఆటా చూడదు. ఆడేవాళ్ల కాళ్లు చూస్తుంది.

మైదానం చుట్టూ రెండుసార్లు నడిచి, పిక్కలు వెచ్చబడ్డాకే ఆటకు దిగమని వచ్చినవాడికల్లా చెబుతుంది. వారమంతా కదలని కాలిని ఒక్కపూటలో అరగదీయొద్దంటుంది. వాళ్లు ఆవిడకు ‘కాళ్ల కాపలా’ అని పేరు పెట్టి నవ్వుకుంటారు.

పిల్లతల్లికి నవ్వు రాలేదు. ఆవిడ చూపు అందరినీ దాటి తన భర్త మడమల దగ్గరే ఆగుతోంది. రెండు వారాలుగా గమనిస్తూనే ఉంది.

ఆ ఆదివారం ఇక ఉండబట్టలేక అడిగేసింది.

“మా ఆయన కాళ్ల మీద మీ కళ్లెందుకండీ? మీ ఇంట్లో కాళ్లు లేవా చూసుకోడానికి?”

ఆవిడ ఆ కాళ్ల మీంచి చూపు తిప్పలేదు.

“కాస్త నడిచి ఆడమను, అమ్మాయ్. మడమ పట్టేసినట్టు కుంటుతున్నాడు. నీ మాటైతే వింటాడు.”

కుంటడం తనూ చూసింది. వారం నుంచీ, మంచం దిగగానే నాలుగడుగులు. కానీ ఈవిడ చెప్పమంటే తను వెళ్లి చెప్పాలా?

చెప్పలేదు.

పది నిమిషాలకు భర్త ఎగిరి దిగుతూనే వెనక్కి తిరిగాడు, మడమ మీద తన్నిందెవరంటూ. వెనక ఎవరూ లేరు. అలాగే కూలబడిపోయాడు.

అందరూ మూగారు. బెణికిందన్నారొకరు. మంట పుట్టే నూనె తెచ్చి రుద్దబోయారు ఇంకొకరు. గొంతు పెద్దదని అందరూ ‘హారన్‌’ అని పిలిచే డ్రైవరు మాత్రం బస్సెక్కించి బ్రేకు తొక్కిద్దామన్నాడు. తొక్కగలిగితే కాలు బాగున్నట్టే. ఆ డిపోలో ఏ కాలికైనా అదే పరీక్ష.

ఇద్దరు చంకల కింద చేతులేసి లేపారు.

ఆవిడ వెళ్లి బస్సు మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

“తొక్కించకండి. రుద్దకండి. ఆ కాలు కింద మోపనివ్వకండి.”

“మీకెందుకండీ మా గొడవ? జరగండి,” అన్నాడు హారన్‌.

ఆవిడ అతని వైపు చూడలేదు. పిల్లతల్లి వైపు చూసింది.

“నా మాట వీళ్లు వినరు. నువ్వు చెప్పు.”

చంకలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. భర్త మొహంలో నెత్తురు చుక్క లేదు.

“దించండి అన్నయ్యా,” అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది.

ఆవిడ ఐసును గుడ్డలో చుట్టి మడమ వెనక పెట్టింది. కాలి వేళ్లు కిందికి వంచి, దళసరి అట్ట ఆనించి, భుజాన ఉన్న తువ్వాలుతో కదలకుండా కట్టింది. రేపు చూద్దాంలే అనుకోవద్దు, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లమంది.

ఎవరిదో కారు తెచ్చారు. అది కదిలేటప్పుడు ఆవిడ కిటికీ దాకా వచ్చింది. పిల్లతల్లి మొహం తిప్పుకుంది. సిగ్గో, ఉక్రోషమో తనకే తెలియలేదు.

డాక్టరు చూసి, మడమ వెనక తాడులాంటి నరం సగం తెగిందన్నాడు. బరువు పడి ఉంటే మిగతా సగమూ తెగేదట. పట్టీతో అతుక్కుంటుంది, కొన్ని నెలలకు మళ్లీ బండెక్కవచ్చు. కాలు నయమయ్యాక రోజూ కాస్త నడక అలవాటు చేసుకోమన్నాడు. మళ్లీ బండెక్కగలడు కనక, అప్పటిదాకా టికెట్ల గదిలో కూర్చోబెట్టడానికి డిపోవాళ్లూ ఒప్పుకున్నారు.

మరుసటి ఆదివారం పిల్లనెత్తుకుని మైదానానికి వెళ్లింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది.

గోడ వారన ఎవరూ లేరు. ఆ పై ఆదివారమూ లేరు.

గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగింది. సామాన్లన్నీ సర్దుకుని ఊరు మారిపోయారని, ఎక్కడికో తనకూ చెప్పలేదని అన్నాడు.

“మా ఆయన గురించి ఆవిడకెందుకు అంత ఆరాటం?”

వాచ్‌మన్‌ ఆమెను వింతగా చూశాడు.

“మీకు తెలుసనుకున్నానమ్మా. రెండేళ్ల కిందట ఇక్కడే ఆడుతూ మడమ తెగి ఉద్యోగం పోయిన డ్రైవరు ఆవిడ భర్తే. ఆ ఖాళీలోకే మీ ఆయన్ని తీసుకున్నారు.”