పొగమంచు రోజుల లెక్క

నా తోటి పరిశోధకురాలు సోల్వి వ్యాసం అచ్చయిందని తెలిసినప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఎండుచేపల మీద పరిశోధన ఇద్దరమూ చేస్తున్నాం. నా వ్యాసం మాత్రం రెండుసార్లు తిరిగొచ్చింది.

నార్వేలోని బెర్గెన్‌లో, మా యూనివర్సిటీ లైబ్రేరియన్ ఓడ్‌వర్ పక్కన కూర్చుని డేటాబేస్‌లో వెతికించాను. నూట నలభై వ్యాసాలొచ్చాయి.

“తోటి నిపుణులు పరిశీలించినవే కావాలని టిక్కు పెట్టు. ఆ సోల్విది ఎగిరిపోతుంది చూడు,” అన్నాను.

తొమ్మిదే మిగిలాయి. మొట్టమొదటిది సోల్విదే.

“ఊరికే కళ్లల్లో నిప్పులు పోసుకుంటావేం? ఇది విను,” అంటూ ఓడ్‌వర్ ఆ వ్యాసం చివరి పేజీ తెరిచి, కృతజ్ఞతలు చదివాడు.

“నా మొదటి ప్రతి ఎందుకూ పనికిరానిది. పేరు తెలియని పరిశీలకులొకరు దాన్ని తిప్పి పంపకుండా, చేపలు ఎండని పొగమంచు రోజుల్ని విడిగా లెక్కించమని మూడు పేజీలు రాశారు. ఈ వ్యాసం వారి చలవే.”

తెరను నావైపు తిప్పుకుని ఆ వాక్యాలు మళ్లీ చదివాను.

“ఎవరో గానీ దొడ్డ మనసు,” అన్నాడు ఓడ్‌వర్. “నీకూ అలాంటివాళ్లు తగిలుంటే ఎంత బావుండేది!”

పోయిన చలికాలంలో, రచయిత పేరు తీసేసి పత్రికవాళ్లు పరిశీలించమని నాకు పంపింది ఆ మొదటి ప్రతే. అంత నాసిరకం రాత సోల్విది కానేకాదనుకుని, ఎవరో పాపం అని జాలిపడి, ఆ మూడు పేజీలూ రాసింది నేనే. పరిశీలించినవాళ్లు పేరు బయటపెట్టకూడదు, అది మా కట్టుబాటు.

“దాని అదృష్టం అలాంటిది,” అన్నాను.