తప్పొప్పుకున్న ఆఫీసరు

"తప్పు నాదేనమ్మా" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన.

మంచినీళ్లు ఇవ్వబోయిన యూనీస్ చెయ్యి ఆగిపోయింది.

అది 2003 వేసవి. ఆబిడ్స్ వెనక సందులో రెండు గదుల ఇల్లు ఆమెది. తమ్ముడు ప్రవీణ్ కుమార్ గల్ఫ్‌లో ఏసీ మెకానిక్. ఐదు నెలలుగా అక్కడి జైల్లో ఉన్నాడు.

అతను చేసిన నేరమల్లా రెండు పేర్లుండడమే. బడి సర్టిఫికెట్లో ప్రవీణ్ కుమార్, మెదక్ చర్చిలో బాప్తిస్మం పేరు జార్జి. వాళ్ల చుట్టాల్లో సగం మందికి అంతే. ఇక్కడి పోలీసులు ఆ రెండో పేరును దొంగపేరని రాసుకుని, రెండు దేశాలకూ ఒప్పందం ఉంది కదా అని ఆ సమాచారాన్ని అక్కడి పోలీసులకు పంపేశారు. పంపడానికి ఒక పూట కూడా పట్టలేదు. వెనక్కి తీసుకునే దారి మాత్రం ఎవరికీ తెలియదు.

యూనీస్ నాంపల్లిలోని పోలీసు ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. గుమాస్తా భావనారాయణ ఒక్కడే జాలిపడ్డాడు.

"పంపేముందు సరిచూసే ఆఫీసరు ఒకాయన ఉంటారమ్మా. పొరపాటు నాదేనని ఆయన రాసిస్తేనే అక్కడివాళ్లు వదుల్తారు."

"రాసిస్తడా సార్?"

"ఇంకో రెణ్ణెల్లలో రిటైరవుతున్నారు. ఇప్పుడెవరు నెత్తిన పెట్టుకుంటారు చెప్పు?"

ఆ ఆఫీసరే ఇప్పుడు గుమ్మంలో ఉన్నాడు. పేరు వామన్‌రావు.

"పొద్దున రాసిచ్చిన. నెలలోపల మీ తమ్ముడొస్తడు. ఫికర్ చెయ్యకు బిడ్డా."

"గది రాసింది మీరేనా?" అంది యూనీస్. "రెండు పేర్లెందుకని మమ్మల్ని అడిగితే చెప్తుంటిమి గద! ఒక్కసారన్న అడిగిన్రా?"

ఆయన గుమ్మం నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మా అమ్మ తిండి మానేసింది. గట్లెట్ల చేతులొచ్చినయ్ సార్ మీకు?"

"తప్పైంది బిడ్డా."

"నడువుండ్రి. మళ్ల మా ఇంటికి రాకుండ్రి."

గ్లాసులో నీళ్లు ఆయన చూస్తుండగానే వాకిట్లో పారబోసింది. ఆయన తలవంచుకుని ఎండలో పడి వెళ్లిపోయాడు. ఆమెకు కడుపుమంట కాస్త చల్లారింది.

అన్నట్టే నెలలోపల ప్రవీణ్ వచ్చాడు. సగం మనిషయ్యాడు. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడి లేచి నిలబడేవాడు.

వామన్‌రావును రిటైర్‌మెంటుకు పది రోజుల ముందు సస్పెండ్ చేశారు. నిర్లక్ష్యపు అధికారి అని పేపర్లో ఫోటో వేశారు. యూనీస్ ఆ ముక్క కత్తిరించి వీధంతా చూపించింది.

"మంచిగైంది" అంది అందరితో.

మరుసటేడు భావనారాయణ ఫోన్ చేశాడు.

"వామన్‌రావుగారు పోయారమ్మా. ఒకసారి వస్తావా?"

"నేనెందుకొస్త సార్?" అని పెట్టేసింది.

ఇంకో ఏడాదికి ప్రవీణ్ మళ్లీ పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడు. మచ్చ తొలగిందని రుజువు కావాలన్నారు. యూనీస్ నాంపల్లి వెళ్లింది.

భావనారాయణ కాగితాలన్నీ ఇచ్చి, బీరువా అడుగు నుంచి ఇంకొకటి తీశాడు.

"ఇదేంది సార్?"

"పాత ఫైలు నోటు. దాచమన్నది ఆయనే. ఇది అప్పుడే బయటపడితే ఆయన ఒప్పుకున్నది అబద్ధమని తేలిపోయేది. మీ తమ్ముడి విడుదల ఆగిపోయేది."

"అబద్ధమా?"

"పంపమన్న పెద్దలు ఒప్పుకోరుగా అమ్మా. ఎవరో ఒకరు మొయ్యాలి."

యూనీస్ నిలబడే చదివింది. అడుగున ఎర్ర సిరాతో 'పంపండి' అని ఎవరో పైఅధికారి సంతకం, తేదీ.

దానిపైన, అంతకు మూడు రోజుల ముందు తేదీతో, వామన్‌రావు చేతిరాత: "మెదక్ వెళ్లి చర్చి రిజిస్టరు స్వయంగా చూశాను, జార్జి ఇతని బాప్తిస్మం పేరు, దొంగపేరు కాదు, ఇతను నిర్దోషి, దయచేసి పంపవద్దు."