ఈతకొలనులో జోడీ

"వదలండి డ్రైవర్‌గారూ, ఆ కడ్డీ వదలండి! నేనున్నాగా!"

ఈత నేర్పే కోచమ్మ గొంతు చించుకుంటోంది. డ్రైవర్‌గారు వదిలితేగా!

కొండ మలుపుల్లో బస్సును బొంగరంలా తిప్పిన మనిషాయన. రిటైరయ్యేదాకా భయమంటే ఏమిటో ఎరగరు. అలాంటిది ఛాతీ లోతు నీళ్లలో గోడకు బల్లిలా అతుక్కుపోయారు.

రిటైరయ్యాక ఆయన మొదలుపెట్టినవన్నీ సగంలోనే ఆగిపోయాయి. మోకాళ్ల నొప్పులంటూ పొద్దుటి నడక మానేశారు. వేణువు కొన్నారు, వారం తిరక్కుండా అటకెక్కించారు. ఇక తోచక వంటింట్లో దూరి, భార్య సర్దుకున్న డబ్బాలన్నీ తన పద్ధతిలో సర్దేశారు.

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"మహానుభావా, ఏదో ఒకటి నేర్చుకోండి. ఇదీ మధ్యలో మానేశారో, ఇక జన్మలో మిమ్మల్ని ఏదీ చెయ్యమని అడగను."

తిట్టినా బాధపడేవారు కాదు. అడగనంది. తన మీద ఆశ వదిలేసుకుంటానంది. డ్రైవర్‌గారి గుండె జారిపోయింది.

అందుకే ఈ ఈతకొలను.

పెద్దవాళ్ల బ్యాచిలో ఒక పద్ధతుంది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఒక జోడీ. దిగితే ఇద్దరూ దిగాలి, ఎక్కితే ఇద్దరూ ఎక్కాలి.

ఆ మొదటిరోజే డ్రైవర్‌గారు కడ్డీ వదలకుండానే పక్కకి పాక్కుంటూ గట్టెక్కేశారు. తువ్వాలు భుజాన వేసుకుని గేటు వైపు నడిచారు.

"తమ్ముడూ, ఎక్కడికి?"

వెనక డెబ్బై దాటిన బక్కపలచని పెద్దాయన. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నీకు జోడీ నేనేనట. నువ్వు వెళ్లిపోతే నేనూ ఇంటికే. దిగాలంటే నాకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి."

డ్రైవర్‌గారికి ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, తనకంటే పిరికివాడు ఒకడున్నాడు! అప్పటికప్పుడు పేరు కూడా పెట్టేశారు, బెరుకు బాబాయ్ అని.

"రా బాబాయ్, నేనున్నాను!" అని చెయ్యి పట్టుకుని మళ్లీ దింపారు.

"తల ముంచండి!" అంది కోచమ్మ.

డ్రైవర్‌గారు ముక్కు మూసుకుని ముంచారు. బాబాయ్ గడ్డం తడుపుకుని "బాబోయ్" అంటూ లేచాడు.

"ఓస్, ఇంతేనా! ఇలా చూడు!" ఈసారి డ్రైవర్‌గారు ఇంకాసేపు ముంచారు.

"నీకేం తమ్ముడూ, గుండె నిబ్బరం ఉంది."

ఆ ఒక్క మాటకి డ్రైవర్‌గారికి ఎక్కడలేని హుషారొచ్చింది.

మర్నాటి నుంచి అలారం మోగకముందే లేచి కూర్చోవడం!

"కాళ్లాడించండి! డ్రైవర్‌గారూ, ఆ కుడికాలితో తొక్కకండి, నీళ్లకి బ్రేకులుండవు!"

బ్యాచంతా ఘొల్లుమంది. బాబాయ్ అయితే ఎంత కాళ్లాడించినా ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాడు. అది చూసి పగలబడి నవ్వుతూ డ్రైవర్‌గారు కడ్డీ వదిలేశారు. వదిలేసిన సంగతి ఆయనకే తెలియలేదు.

ఇంటికెళ్తే ఇవే కబుర్లు.

"ఇవాళ తేలానే! నిజంగా తేలాను! బాబాయ్ మాత్రం మునిగాడు, పాపం."

"ఆ బాబాయ్ పుణ్యమా అని మీరు మనిషయ్యారు" అని భార్య నవ్వేది. డబ్బాలు మళ్లీ ఆవిడ పద్ధతిలోకి వచ్చేశాయి.

చివరికి ఆ రోజు రానే వచ్చింది. డ్రైవర్‌గారు ఈ గట్టు వదిలి, చేతులతో బారలు వేస్తూ, రొప్పుతూ, అవతలి గట్టు తాకేశారు!

గట్టు మీద భార్య చిన్నపిల్లలా ఎగిరి చప్పట్లు కొట్టింది. బాబాయ్ ఇంకా గట్టిగా కొట్టాడు.

ఆ ఊపులో డ్రైవర్‌గారికి నోరు ఆగలేదు.

"ఏమనుకోకు బాబాయ్. ఈత అందరికీ అబ్బదు. ఏ చదరంగమో నేర్చుకో. ఇది నీవల్ల కాదు."

బాబాయ్ తల తుడుచుకుంటూ నవ్వాడు. "నిజమే తమ్ముడూ. నువ్వు మాత్రం మానకు."

మర్నాడు బాబాయ్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

డ్రైవర్‌గారికి లోతు నీళ్లు రుచించలేదు. చేతులారా జోడీని తరిమేశాను, అని ఒకటే కుమిలిపోయారు.

"ఆయన ఇల్లెక్కడమ్మా? కాళ్లు పట్టుకునైనా తీసుకొస్తాను" అని కోచమ్మనడిగారు.

"ఇంటికెందుకండీ? సాయంత్రం బ్యాచికి రండి, ఇక్కడే ఉంటారు."

సాయంత్రం డ్రైవర్‌గారు పరుగున వచ్చారు. లోతు తక్కువ నీళ్లలో, కొత్తగా రిటైరైన నర్సమ్మ ఒకావిడ కళ్లు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. పక్కనే బాబాయ్! "ముందు నువ్వు ముంచు చెల్లెమ్మా, నాకు భయం" అంటున్నాడు. నర్సమ్మ ఒక కన్ను తెరిచి, ఆయన్ని చూసి ఫక్కున నవ్వింది.

"బాబా..." అని డ్రైవర్‌గారు కేకెయ్యబోతుంటే, కోచమ్మ చప్పున చెయ్యి పట్టుకుంది.

"పిలవకండి. ఆవిడకి ఇప్పుడిప్పుడే ధైర్యం వస్తోంది."

"క్షమించమని ఒక్క మాట చెప్పనీ. ఆవిడ నేర్చుకున్నాక చెప్పనా?"

"ఆవిడ తర్వాత ఇంకొకరు వస్తారండీ. ఇన్నేళ్లలో ఆయన పక్కన ఖాళీ ఎప్పుడూ లేదు."

"ఇన్నేళ్లా? ఇన్నేళ్లుగా ఈత రాలేదా, పాపం! నాకు వదిలెయ్యమ్మా, పట్టుబట్టి నేనే నేర్పుతాను!"

కోచమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రిటైరయ్యేదాకా ఈ కొలనులో నాతో సహా అందరికీ ఈత నేర్పిన మాస్టారు ఆయనే, డ్రైవర్‌గారూ."